బెల్లం దిమ్మలూ, బాస్కెట్‌బాల్ భీములూ

మా చెల్లెలి భర్త అనకాపల్లి మార్కెట్లో బెల్లం వ్యాపారి. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. టీవీలో నేను బాస్కెట్‌బాల్ చూస్తుంటే రిమోట్ లాక్కోవడం తప్ప ఆ ఆట మీద ఇన్నేళ్ళలో ఏ ఆసక్తీ చూపలేదు. అలాంటి మనిషి పోయిన నెలలో పొద్దున్నే వచ్చి, "బావా, ఆ అమెరికా ఆటలో పెద్ద పెద్దోళ్ళుంటారు కదా, అందర్లోకీ గట్టోడు ఎవుడు?" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అయినా అడిగింది నన్ను. కాలేజీ జట్టులో నేను సెంటర్. బుట్ట కింద నిలబడే పొడుగువాడి స్థానం అది. నా ఎత్తు చూసి తీసుకున్నారు, నా ఎత్తులు చూసి తీసేశారు. ఆ స్థానంలో ఆడిన మహాకాయుల గురించి ఎవరైనా అడిగితే నేను ఆగలేను. బుట్ట వెనకాల బోర్డులే విరగ్గొట్టిన ఆయన గురించి చెప్పాను. నలుపు తెలుపు రోజుల్లో పాయింట్లు కుప్ప పోసిన ఆయన గురించి చెప్పాను. తాను పెద్దగా వేయకపోయినా ఎదుటివాణ్ణి వేయనివ్వకుండా జట్టును గెలిపించిన ఆయన్నీ వదల్లేదు. నా ఓటు మాత్రం బోర్డులాయనకే.

రైతు తెచ్చిన బెల్లం దిమ్మను చూసినట్టే బావ నా మాటలనూ చూశాడు.

"కొత్తలో అన్ని దిమ్మలూ బంగారంలాగే ఉంటాయి బావా. వానాకాలం కారిపోకండా ఆగిందేది అన్నదే మాకు లెక్క. వీళ్ళలో ఆగినోడు ఎవుడు? మోకాళ్ళేటయ్యేయి?"

మోకాళ్ళా? అప్పుడు చూశాను, ఆయన ఫోను బల్ల మీద బోర్లా ఉంది. ఎవరి మోకాలు ఎప్పుడు పోతుందో ఎవరికి కావాలి? ఫోనులో పందేలు కాసేవాళ్ళకి. చెల్లెలి సంసారం కళ్ళ ముందు గిర్రున తిరిగింది. బెదరగొడదామనుకున్నాను.

"ఒక్కడూ ఆగలేదు బావా. అంత బరువుతో ఎగిరి దిగాలి కదా. పాదాలు విరిగినోళ్ళు, ఆపరేషన్లు చేయించుకున్నోళ్ళు, మెట్లెక్కలేనోళ్ళు. పొడుగోళ్ళని అస్సలు నమ్మకు."

బావ టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఓ సంసారాన్ని కాపాడానని నేను ఆ మిగతా సగం కూడా తాగాను.

సాయంత్రం మేనకోడలు వచ్చింది. పదో తరగతి, బడి బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతోంది. అప్పుడే వాళ్ళ నాన్న నడినెత్తి చూడగలిగేంత పొడుగు.

"మావయ్యా, నాన్నతో ఏటి సెప్పేవు? బాస్కెట్‌బాల్ అకాడమీలో నన్ను సెంటర్‌గా తీసుకుంటామన్నారు, సోమవారంలోగా సెప్పాలి. నిన్నటిదాకా ఊఁ అన్న నాన్న, కాళ్ళు పోతాయి, పంపను అంటన్నారు."

మర్నాడు పరుగున కొట్టుకి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని ఆడిన ఇంకో సెంటర్ గురించి చెప్పాను. తన ఆట చూస్తూ పెరిగిన కుర్రాళ్ళు తండ్రులయ్యేదాకా ఆడాడని, ఒంటిని జాగ్రత్తగా చూసుకున్నాడని. బావ దిమ్మ మూల విరిచి నోట్లో వేసుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"నిన్న ఒక్కడూ ఆగలేదన్నావు. రాత్రికి రాత్రి ఒకడు ఆగిపోనాడా? పిల్లేటి సెప్పింది నీకు?"

పందేల అనుమానం కక్కేశాను. బావ ఫోను తిప్పి చూపించాడు. అద్దం నిండా పగుళ్ళు. "మీ చెల్లి సూత్తాదనీసి బోర్లా పెట్టేను. పందేలు కాసీవోణ్ణా నాను?"

ఇక ఆయన నన్ను నమ్మే ప్రశ్నే లేదు. మాటలు విని సరుకు కొనే అలవాటు ఆ మార్కెట్లో ఎవరికీ లేదు. సాయంత్రం కూతురు ఆడే మైదానానికి తనే వెళ్ళాడు, వెనక నేనూ. మేనకోడలికి కనపడకుండా కంచె అవతల నిలబడ్డాం. అందరూ బంతిని చూస్తున్నారు. బావ కూతురి పాదాలు చూస్తున్నాడు.

"మీ కళ్ళజోడోడు ఎలా దిగీవోడు?" అన్నాడు.

నాకు తెలియదు. ఇన్నేళ్ళూ బంతి బుట్టలో పడటమే చూశాను. వేసినవాడు ఎలా దిగాడో ఒక్కసారీ చూడలేదు. పగిలిన ఫోనులోనే పాత వీడియో వెతికాం. బావ దాన్ని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. ఆ కళ్ళజోడాయన మోకాళ్ళు కొంచెం వంచి, చప్పుడు లేకుండా దిగుతున్నాడు. బావ తలెత్తి కూతుర్ని చూశాడు. అది ఎగిరింది, దిగింది.

"మెత్తగానే దిగుతంది," అన్నాడు. కాసేపటికి, "ఆ బూట్లు బాగా అరిగిపోనాయి. అకాడమీకి అయ్యి పనికి రావు. సైజెంతో..."

నేను నోరు తెరిచాను.

"నువ్వు సెప్పకు బావా. దాన్నే అడుగుతాను," అని గేటు వైపు నడిచాడు.