ఖాలా అడిగిన యుద్ధవార్త

డెబ్బైల నుంచీ ఒక పత్రికకు విదేశీ వ్యవహారాలు రాశాను. నేను చూసిన పరదేశం మాత్రం తుంగభద్ర అవతలి రాయచూరు ఒక్కటే. ఆదోనిలో పత్తి మండీ మీది గదిలో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, గరగర మధ్య వినపడినంత రాసుకుని, సాయంత్రం బస్సుకిచ్చి కర్నూలు పంపేవాణ్ణి. జిన్నింగు మిల్లు కూత పెట్టిందంటే ఏ దేశాధ్యక్షుడి మాటైనా సగం ఎగిరిపోయేది. ఊళ్లోవాళ్లు మాత్రం నాకు బాగ్దాదులో మనుషులున్నారని నమ్మేవాళ్లు. కాదన్నా వినరు.

ఇరాన్-ఇరాక్ యుద్ధం మొదలయ్యాక ఆ నమ్మకమే నా మెడకు చుట్టుకుంది. మా పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది, పిన్నమ్మ వరసన ఖాలా అని పిలిచేవాణ్ణి. ఆమెకు ఒక్కడే కొడుకు. మిల్లులో ఫిట్టరుగా చేసి, పని కోసం ఇరాక్‌లోని బస్రాకు పోయాడు. రోజూ సాయంత్రం ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కూర్చునేది.

"బస్రా మాట ఏమన్నా సెప్పినారా అప్పా?"

లేదంటే చాలు, కొంగుతో మొహం తుడుచుకుని దిగిపోయేది.

ఒక వేసవిలో, వాడితో కలిసి పోయిన ఎమ్మిగనూరు మనిషి ఒంటరిగా తిరిగొచ్చాడు. రంజాన్ నెల మొదటి శుక్రవారం వాళ్లుండే షెడ్డు మీద గుండు పడిందని, వాణ్ణి అక్కడే మట్టి చేశారని చెప్పాడు. తను వేరే పని మీద పోయి ఉన్నానని, కళ్లతో చూడలేదని కూడా చెప్పాడు. ఆమె ఆ చివరి మాటే పట్టుకుంది. మసీదు పెద్దలు పోయినవాడి పేర ఫాతిహా చదివిద్దామంటే ఒప్పుకోలేదు. బతికున్నవాడికి ఫాతిహా చదివిస్తే తన చేత్తో తానే చంపుకున్నట్టని ఏడ్చింది. చివరికి ఆ పెద్దల్ని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది.

"ఆ యుద్ధం రాసేటోనివి నువ్వు. నువ్వు పోయినాడంటే పోయినాడు. సెప్పు, ఫాతిహా సదివిస్తా."

వేలమంది చావుల్ని టీ చల్లారేలోపు రాసి పడేసినవాణ్ణి. ఇప్పుడు ఒక్కడి చావు నా నోటితో చెప్పాల్సి వచ్చింది. నాకు తెలిసిందీ ఆ ఎమ్మిగనూరు మనిషి చెప్పినంతే. ఆ యుద్ధం మీద, నా ఉద్యోగం మీద అసహ్యం వేసింది. కానీ చెప్పకపోతే ఆమె రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది, ఆ గుమ్మంలోనే కూర్చుంటుంది.

"పోయినాడు ఖాలా," అన్నాను.

ఆమె ఏడవలేదు. "ఆ పొద్దుది నీ పేపర్లో ఏం రాసినావో సదువు," అంది.

పాత పేపర్ల కట్ట విప్పాను. దొరక్కపోతే బాగుండుననుకున్నాను గానీ దొరికింది. 'బస్రాపై ఫిరంగి దాడి. ప్రాణనష్టం స్వల్పం.' నేను రాసిందే. చదివాను.

"అంటే ఏంది అప్పా?"

"శానా మంది సావలేదని, ఖాలా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే నా కొడుకు ఒగడేనేమో," అంది. ఆ తర్వాత పెద్దల వైపు తిరిగి, ఫాతిహాకు ఏమేం కావాలో అడగసాగింది.