నిఖా మధ్యలో నా వేలి ప్రతాపం

ఇది చదివాక నన్ను మీ ఇంటి శుభకార్యాలకు పిలవాలో వద్దో మీరే తేల్చుకోండి. వాన వల్ల ఆగిన పెళ్లిళ్లు చూసుంటారు, పెళ్లికొడుకు అలక వల్ల ఆగినవీ చూసుంటారు. చూపుడువేలి వల్ల ఆగిన పెళ్లి మాత్రం నాకు తెలిసి ఒక్కటే. ఆ వేలు నాదే.

అప్పటికి నేనొక విదేశీ ఇంజనీరింగ్ కంపెనీలో చేరి కొద్ది నెలలే అయింది. ఆఫీసు హన్మకొండలో. పెద్ద పెద్ద భవనాలకు సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు, జనరేటర్లు బిగించి, వాటన్నిటినీ ఇంటర్నెట్‌తో కలిపి, ఎక్కడో కూర్చుని నడిపించడం మా పని. ఈ సంగతి మా అమ్మకు ఒక సాయంత్రమంతా వివరించాను. ఆమె శ్రద్ధగా తలూపి, మరునాడు వాడకట్టంతా చాటింది: "మా యాకూబ్ కరెంటాఫీసుల సారైండు!" ఆ రోజు నుంచి పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే గుమ్మం దగ్గర ఎవరో ఒకరు. "బేటా, మా మీటరు ఉత్తగనే గిర్రగిర్ర తిరుగుతాంది, జర సూడు."

అంతలో నాకు డోర్నకల్ నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు షాహీన్. వాళ్ల నాన్న ఖాసిం మామ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. చొక్కాకు నూనె మరక అంటని ఉద్యోగాన్ని ఆయన ఉద్యోగంగా లెక్కలోకి తీసుకోడు.

"కంప్యూటర్ ముంగట కూసోని కరెంటు నడిపిస్తడా? గదేం నౌకరి? పిలగాన్ని జర దగ్గర్నించి సూడాలె," అని మా అమ్మకు కబురు పెట్టాడు. ఆ చూడటం కోసమే తన పెద్దమ్మాయి నజ్మా నిఖాకు నన్ను రమ్మన్నాడు. పెళ్లికొడుకు సలీంది నర్సంపేట కాబట్టి, నర్సంపేట రోడ్డులోని ఒక కొత్త ఫంక్షన్ హాల్లో నిఖా. ఆ హాలు పేరు వినగానే ఎగిరి గంతేశాను. దాని కరెంటు వ్యవహారమంతా మా కంపెనీదే! దాన్ని నడిపించే యాప్ నా ఫోన్లోనే ఉంది!

నిఖా రోజు మే నెల మధ్యాహ్నం. బయట ఎండ పాపడాలు కాల్చుకునేంత ఉంది. లోపల ఏసీలు ఎంత చల్లగా ఉన్నాయంటే ముసలివాళ్లు శాలువాలు కప్పుకున్నారు. చల్లదనం పోకూడదని హాలుకు ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. నిఖా చదివించే ఖాజీ సాబ్ ఆలస్యంగా రావడంతో వేదిక మీద నిఖా, కింద భోజనాలు ఒకేసారి మొదలయ్యాయి. నేను ఖాసిం మామ పక్కన నిలబడి, ఆడవాళ్ల పరదా వైపు ఒక కన్ను వేసి, ఛాతీ విరిచాను.

"మామా, ఈ హాలు మొత్తం నా ఫోన్ల ఉంటది."

"గింత పెద్ద హాలు ఫోన్ల ఎట్ల పడ్తది?"

"గా పక్కన రంగురంగుల ఫౌంటెన్ ఉన్నదా? ఇక్కడ్నించే బంద్ చేస్త, సూడు."

"పైలం బేటా. నిఖా నడుస్తాంది."

"ఫికర్ చెయ్యకు మామా!"

లోకంలో ఏ ఉపద్రవమైనా ఈ మాట తర్వాతే మొదలవుతుందని నా అనుభవం. ఫోన్ తెరిచాను. 'సైట్ ఆఫ్' అని ఇంగ్లీషులో ఎర్రగా ఉంది. సైట్ అంటే హాలు మొత్తం. ఇంజనీరింగ్ చదివిన నేను, పరదా వైపున్న కన్ను ఇటు తిప్పకుండా, దాన్ని 'సైడ్' అని చదివాను. ఫౌంటెన్ ఉన్నది సైడుకే కదా! నొక్కాను. నిజంగానే ఆపాలా అని అడిగింది. దర్జాగా మళ్లీ నొక్కాను.

ఫౌంటెన్ ఆగింది. దానితోపాటు లైట్లు, ఏసీలు, మైకు, నా గుండె కూడా.

"అరె, నా ప్లేట్ల చెయ్యి ఎవలిది?"

"బిర్యానీ మీద ఖుబానీ కా మీఠా ఏసిండ్రు రో!"

ఫోన్ల లైట్లు వెలిగాయి. వెలిగినవన్నీ బిర్యానీ ప్లేట్ల మీదే వాలాయి. వేదిక సంగతి ఎవరికీ పట్టలేదు.

"బంద్ చేసినవ్, మంచిగున్నది. ఇగ చాలూ చెయ్," అన్నాడు ఖాసిం మామ.

నొక్కాను. కాలేదు. మొత్తం ఆపేస్తే తాళం పడుతుందట. అది కంపెనీ సహాయ కేంద్రం వాళ్లే తీయాలట. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. చీకట్లో తడుముకుంటూ, సిగ్నల్ కోసం వెతుక్కుంటూ పోతే, చివరికి వేదిక పక్క స్తంభం దగ్గర దొరికింది. అవతల సహాయ కేంద్రం అమ్మాయి తీయని గొంతుతో హిందీలో పలికింది.

"ఎవరైనా ప్రమాదంలో ఉన్నారా సర్?"

"ఉన్నారు. నేనే!"

అటు వేదిక మీద ఖాజీ సాబ్ ఆగే మనిషి కాదు. "ఎలుగు లేకపోతే ఏంది? నిఖాకు చెవులుంటే సాలు. నేను ఇంకో నిఖాకు పోవాలె," అని కానిచ్చేస్తున్నాడు.

ఇటు నా చెవిలో ఆ అమ్మాయి. "మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ చేస్తే పాత రికార్డులన్నీ పోతాయి సర్. బాధ్యత మీదే. ఖబూల్ హై?"

సరిగ్గా అప్పుడే అటు ఖాజీ సాబ్ పెళ్లికొడుకును ఒప్పుకోలు అడిగాడు: "దుల్హే మియా, ఖబూల్ హై?"

"ఖబూల్ హై!" అన్నాను నేను.

"సరిగ్గా వినబడలేదు సర్."

"ఖబూల్ హై!"

"ఇంకొంచెం గట్టిగా సర్, రికార్డు అవుతోంది."

"ఖబూల్ హై!" అని హాలు దద్దరిల్లేలా అరిచాను.

"మాషా అల్లా! మూడుసార్లు అన్నవ్, ముబారక్!" అన్నాడు ఖాజీ సాబ్.

చీకట్లోంచి దుల్హా సలీం గొంతు సన్నగా ఏడ్చింది. "నేనింక నోరే తెర్వలే సాబ్!"

అప్పుడు లైట్లొచ్చాయి. అప్పుడే రావాలా అవి? వేదిక పక్కన, చెవి దగ్గర ఫోనుతో, గాల్లోకి లేపిన చేత్తో, చెమటలో తడిసి ముద్దైన నేను. హాలంతా నావైపే చూస్తోంది. సగం నమిలిన బిర్యానీ నోళ్లలో అట్లాగే ఉండిపోయింది. ఖాసిం మామ నెమ్మదిగా నడిచి వచ్చాడు.

"సిన్న బిడ్డను సూడుమని పిలిస్తే, పెద్ద బిడ్డను గూడ చేస్కుంటానవేందిరా?"

మొదట పరదా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. సలీం బాబాయిలు ఇద్దరు నన్ను చెరో రెక్క పట్టుకుని తీసుకుపోయి వంటల దగ్గర కూర్చోబెట్టారు. ఖాజీ సాబ్ నిఖా మళ్లీ చదివాడు. ఈసారి ప్రశ్న అడిగే ముందు నేనెంత దూరంలో ఉన్నానో చూసుకుని మరీ అడిగాడు.

సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే ఖాసిం మామ వచ్చి నిలబడ్డాడు.

"నౌకరి సంగతి ఇప్పుడు సమజైంది. ఒక్క ఏలితోని గింతమందికి చెమటలు పట్టిచ్చినవంటే, అది పెద్ద నౌకరే."

షాహీన్ కూడా సరేనంది. ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత అడిగితే, "కంపెనీ ఫోనుకే గంత గట్టిగ ఖబూల్ అన్నోడు నాకు ఎంత గట్టిగ అంటడో సూద్దామని," అంది.

కాబట్టి పెద్దలారా, సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఖాజీ సాబ్ ఉన్న చుట్టుపక్కల ఫోన్లో ఎవరేం అడిగినా, దేనికీ ఔననను. మా కంపెనీ మునిగిపోతున్నా సరే, ఇంట్లో అడిగి చెబుతానంటాను.