చంద్రమ్మ పేరున పెట్టె

ఈరమ్మకు కోపం వస్తే అరవదు. నాకు భయం అందుకే. శంషాబాద్‌లోని మా కాలనీలో పదేళ్లుగా మొక్కలు చూసుకుంటోంది, ఊరు సాతంరాయి. పిచ్చుకల లెక్క తీసే అఖిల మేడం వచ్చి గోడలకు పిచ్చుకలు గూడు పెట్టుకునే పన్నెండు చెక్క పెట్టెలు బిగించి, "వారానికోసారి ఎవరైనా చూసి రాసిపెడతారా?" అని అడిగితే, చదువుకున్న మేమంతా ఫోన్లలోకి తలలు దించాం. పార పక్కన పెట్టి చెయ్యెత్తింది ఈరమ్మ ఒక్కతే.

ప్రతి ఆదివారం పొద్దున నిచ్చెన, కర్రకు కట్టిన చిన్న అద్దం, ఒక పుస్తకం. అద్దంలో గుడ్లెన్నో పిల్లలెన్నో చూసుకుని నిమిషంలో దిగిపోవాలి. పిల్లలు చనిపోతే ఎందుకో రాయడానికి పుస్తకంలో 'కారణం' అని ఒక గడి ఉంది. పడమటి ఎండ కొట్టే గోడకు మాత్రం పెట్టె కట్టొద్దని మేడం మొదటి రోజే చెప్పింది.

పోయిన వేసవిలో మా కాలనీ అధ్యక్షుడు దశరథం, కొత్త కారు మీద రెట్టలు పడుతున్నాయని ఏడో పెట్టె రంధ్రానికి సిమెంటు మెత్తించాడు. లోపల నాలుగు పిల్లలున్నాయి. తల్లి పిచ్చుక రెండు రోజులు ఆ గోడ చుట్టూ తిరిగింది. ఆదివారం ఈరమ్మ పెట్టె విప్పి, నాలుగింటినీ కొంగులో వేసుకుని ఆయన గుమ్మం ముందు నిలబడింది.

"పిట్టలే కదనే ఈరమ్మా, గింత లొల్లేంది?" అని నవ్వాడు.

నేనైతే ఆ కారు అద్దం పగలగొట్టేదాన్ని. ఈరమ్మ మాత్రం కారణం గడిలో 'దశరథం' అని రాసింది. పేర్లు రాయకూడదని మేడం చెప్పినా కొట్టెయ్యలేదు.

"ఎవలు సంపితే వాళ్ల పేరే రాస్త మేడం," అంది.

దశరథానికి లోకంలో ఒక్కరంటేనే భక్తి, చనిపోయిన తల్లి చంద్రమ్మ. ఏటా ఫిబ్రవరిలో ఆమె వర్ధంతికి గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి కాలనీకంతా భోజనాలు పెడతాడు. ఈసారి అందరూ బంతిలో కూర్చున్నాక ఈరమ్మ లేచింది. "సారూ, అమ్మ పేరు మీద ఒక పిచ్చుకల పెట్టె కడదం. మీ ఇంటికే."

అంతమంది ముందు ఎలా కాదంటాడు? తలూపాడు. మేం చప్పట్లు కొట్టాం. నా కడుపు చల్లబడింది.

మర్నాడే పెట్టె మీద తెల్లరంగుతో 'చంద్రమ్మ' అని రాయించి, సరిగ్గా ఆయన కారు ఆగే చోటికి పైన బిగించింది. అది పడమటి గోడ. ఎండలు ముదిరేలోగా పిల్లలు ఎగిరిపోతాయిలే అనుకుంది. ఆయన రోజూ రెట్టలు కడుక్కోవాలి, తల్లి పేరున్న పెట్టె మీద చెయ్యి వెయ్యలేక ఏడవాలి. ఆమెకు కావలసింది అదే.

మార్చిలో ఒక జంట చేరింది. దశరథం బకెట్టుతో కారు కడుగుతుంటే ఈరమ్మ మొక్కలకు నీళ్లు పడుతూ తనివితీరా చూసేది. రానురాను ఆయన కడగడం ఆపి పైకి చూడటం మొదలుపెట్టాడు. ఆదివారాలు నిచ్చెన తనే పట్టుకుని, "అమ్మ పెట్టెల ఎన్నున్నయే?" అని అడిగేవాడు. నాలుగు గుడ్లంటే బాలాపూర్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. అది చూసి ఈరమ్మకు ఇంకా మండింది.

"పోయినేడు యాడికి పోయింది గీ ప్రేమ?" అని నా దగ్గర పళ్లు కొరికింది.

ఏప్రిల్‌లో గుడ్లు పిల్లలయ్యాయి. ఎండలూ ముందే ముదిరాయి. మూడో ఆదివారం ఆమె అద్దం పెట్టి చూసింది. నిమిషం దాటినా దిగలేదు.

"ఎన్నే?" అన్నాడు దశరథం కింద నుంచి.

నెత్తి మీద విమానం మోత తగ్గేదాకా ఆగి చెప్పింది. "నాలుగు సచ్చిపోయినయ్ సారూ. నిన్నటి ఎండకు."

ఏడాదిగా ఆయన ముఖంలో ఏది చూడాలనుకుందో అది చూసింది. ఆయన నిచ్చెన వదిలేసి మెట్ల మీద కూలబడ్డాడు. తల దించుకునే అడిగాడు.

"పోయినేడు ఎన్ని ఉండె?"

"నాలుగే."

దిగి వచ్చి ఆయన పక్కనే కూర్చుని పుస్తకం తెరిచింది. ఆయన కళ్లు తుడుచుకుని వంగి చూశాడు, నేనూ చూశాను. కారణం గడిలో ఎండ అని రాయలేదు. 'ఈరమ్మ' అని రాసింది.