రామూర్తి చేత రిపేరు చేయిస్తే అంతే మరి

కాశీబుగ్గలో రామూర్తికి ఏ కంప్యూటర్ రిపేరుకిచ్చినా సరే, అందులో ఇంకో పాత కంప్యూటర్ని ఎక్కించి మరీ తిరిగిచ్చేవోడు. అదొక్కటే అతని జబ్బు. మనిషి మాత్రం బంగారం.

పాత కంప్యూటరంటే ఎనభైల్లో టెక్కలి బడికొచ్చిన పెట్టె. చెమ్మకి తుప్పట్టి ఎప్పుడో పోనాది. రామూర్తి ఒప్పుకోడే! కొత్తదానికి పాతదాని వేషం కట్టే ప్రోగ్రాం ఒకటుందట, ఎమ్యులేటరని. దాన్ని జేబులో ఏసుకుని ఊరంతా తిరిగేవోడు. ఫొటో స్టూడియోలో స్విచ్చేస్తే "బూ... పీప్!" అని కూసి నల్లటి తెర. నెట్ సెంటర్లో బూ... పీప్!

"ఒరే, వైరస్ తియ్యమన్నాను గానీ దెయ్యాన్ని ఎక్కించమన్నానేట్రా?" అని స్టూడియో బంగారయ్య అరిచాడు.

"అరవకు మావా. నీదాన్లో బొమ్మొచ్చింది, సౌండు బొంగురుపోయింది. ఎందుకంటావు?" అని రామూర్తి తిరిగి అతన్నే అడిగాడు.

అందరికన్నా ఎక్కువ సిగ్గుపడ్డోడు ధనుంజయ్. జీడిపప్పు వ్యాపారి. ఇంటి ముందుగదే కొట్టు. కొత్తగా విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ కొని, ప్రింటర్ పెట్టమని రామూర్తిని పిలిచాడు పాపం. మర్నాడు సోంపేట వ్యాపారుల ముందు దర్జాగా స్విచ్చేశాడు. బూ... పీప్! కంగారులో ఏదో మీట నొక్కాడు. అరచేతంత ఇంగ్లీషు అక్షరాల్లో 'నీళ్ళు' అని పడింది. నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు... ఉద్దానం ఊళ్ళన్నిటికీ సరిపడా నీళ్ళు! ఆగితేనా?

"కంప్యూటర్ కి దాహమేసినట్టున్నాది, ధనుంజయ్ గారూ. బొండం కొట్టించండి," అన్నాడొకాయన. అందరూ పగలబడి నవ్వారు.

ధనుంజయ్ కి తల కొట్టేసినట్టయింది. ఆ పూటే దాన్ని తీయించేశాడు. వారం తిరక్కుండా రామూర్తి ప్రింటర్ వంకతో వచ్చి మళ్ళీ పెట్టేశాడు. మళ్ళీ తీయించాడు.

"పాతదాని నడకకి రాసిన ప్రోగ్రాం బావా ఇది." అన్నాడు రామూర్తి. " నీది గుర్రంలా పరిగెడతన్నాది. ఒక్కసారి నొక్కితే వందసార్లనుకుంటన్నాది. నిదానం నేర్పాల."

"నీకెందుకురా ఈ గొడవ?"

రామూర్తి బుర్ర గోక్కుంటూ సామాను సర్దుకుని బయటపడ్డాడు.

ధనుంజయ్ కి ఇంట్లో ఇంకో సిగ్గుండేది. నాన్న గున్నయ్య మాస్టారు. టెక్కలి బడిలో లెక్కలు చెప్పినాయన. పక్షవాతమొచ్చి కుడిచెయ్యీ, మాటా పడిపోయాయి. కొడుకులు వంతులేసుకున్నారు. ఒక నెల టెక్కలిలో పెద్దకొడుకు మనోహర్ ఇంట్లో, ఒక నెల ఇక్కడ. జీడితోట పంపకాల్లో చెడి అన్నదమ్ములకి మాటల్లేవు. మాస్టార్ని ఆటో ఎక్కించి పంపడం, అంతే. ఎవరైనా చూడ్డానికొస్తే ధనుంజయ్ గుమ్మంలోనే చెప్పేసేవోడు, "మాటతో పాటు మతీ పోనాదండీ," అని. మంచమ్మీద మాస్టారు వింటూ ఉండేవారు.

ఒక మధ్యాహ్నం ధనుంజయ్ సంతబొమ్మాళి బస్సు తప్పిపోయి ఇంటికి తిరిగొచ్చాడు. ముందుగదిలోంచి బూ... పీప్! గొడుగెత్తుకుని లోపలికి ఉరికాడు. కంప్యూటర్ ముందు కుర్చీలో నాన్న, పక్కన రామూర్తి.

"ఏటి సేత్తన్నావురా? ఈయన్ని కూడా వదల్లేదేటి?"

ఆ కేకకి వంటింట్లోంచి భార్య మాధవీలత పరిగెత్తుకొచ్చింది. మాస్టారు మాత్రం తొణకలేదు. ఎడమచేతి వేలొకటి ఎత్తి మీట నొక్కారు. ఈసారి ఒక్కటే 'నీళ్ళు'. రామూర్తి గ్లాసందించాడు. మాస్టారు గటగటా తాగేశారు.

ఎత్తిన గొడుగు ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఒకటో తరగతి పిల్లలకని మాస్టారే రాసింది బావా. మీటకో మాట. కొత్తవేటీ బుర్రకెక్కట్లేదు గానీ, ఇది ఒక్కటీ మరిసిపోలేదు. పాత కంప్యూటర్లో తప్ప ఇది ఆడదు. అందికే ఈ వేషాలు."

"మరి నాకు సెప్పవేట్రా?"

"మీ అన్నగారిది తొంభయ్యెనిమిది విండోసు, ఇట్టే ఆడీసింది. అక్కడ మాస్టారు రోజంతా దీంతోనే మాటాడతన్నారు. నీ ఇంటికొచ్చీసరికి మూగనోము. నీది మొరాయించింది కదా! ఆడతాదని నీకూ, మాస్టారికీ ఆశపెట్టి ఆడకపోతే? నాకు సొంత కంప్యూటర్ లేదు. ఊళ్ళో ఎక్స్‌పీలన్నిట్లోనూ పెట్టి సూసుకున్నాను. మాస్టారి దగ్గర లెక్కల్లో తప్పినోడ్ని బావా, ఈ సిక్కు నాకంత వేగంగా తెగదు."

ధనుంజయ్ కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నాన్న నోటిని వైరసనుకుని రెండుసార్లు పీకించేశాడు. మతి లేదని ఆయన వినేలాగే ఊరందరికీ చెప్పాడు. కుర్చీ పక్కన చతికిలబడి ఆయన మోకాలు పట్టుకున్నాడు.

"తప్పైపోనాది నాన్నా. ఏటైనా అను. తిట్టు."

మాస్టారు కొడుకుని చూశారు. కోడల్ని చూశారు. బాగా ఆలోచించి నొక్కారు.

'ఉప్పు'.

ఎవరికీ అర్థం కాలేదేమోనని ఇంకోసారి. 'ఉప్పు'.

మాధవీలత చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "అయ్యో మావయ్యా! బీపీ అని నానే మానిపించీసినాను. ఏడాదై మనింట్లో సప్పిడి కూడు తింటన్నారు!"

ధనుంజయ్ కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ దగ్గరికెళ్ళాడు. నంబర్ నొక్కడానికి చాలాసేపు పట్టింది.

"అన్నా... నాను, ధనుంజయ్ ని. మీ ఇంట్లో నాన్న కూరలో ఉప్పేత్తన్నారా?"

అవతల టీవీ సౌండు తగ్గింది.

"ఎయ్యకపోతే ఊరుకుంటారేట్రా ఆయన?" అన్నాడు మనోహర్. "ఆదివారం నాన్నని తీసుకుని మీరందరూ రండి. ఎంతెయ్యాలో మీ వదిన సెప్తాది."