కోర్టులో తెగిన గడ్డిపరక

తొంభైల్లో నేను విశాఖ కోర్టు గేటు పక్కన టైపు మిషను పెట్టుకుని అఫిడవిట్లు కొట్టేదాన్ని. లాయర్ల కంటే చట్టం నాకే ఎక్కువ తెలుసని అప్పట్లో నా నమ్మకం. అందుకే మా చిన్నత్త వ్యవహారంలో వేలు పెట్టాను.

మాది చేపలు పట్టే కుటుంబం. చిన్నత్తని మొదట పూరీలో స్థిరపడ్డ మా వాళ్లకే ఇచ్చారు. మొగుడితో పొసగలేదు. అక్కడి కులపెద్ద ఇద్దరిచేతా ఒక గడ్డిపరక చెరో కొస పట్టించి, మధ్యకి తెంపేశాడు. మాలో విడాకులంటే అంతే, కాగితాలుండవు. ఆ తర్వాత ఆవిడ విశాఖ వచ్చేసి, పోర్టులో క్రేన్ నడిపే మావయ్యని మారుమనువు చేసుకుంది.

ఆరేళ్లు హాయిగా గడిచాక, పోర్టు ఆసుపత్రిలో చూపించే మెడికల్ బుక్కు దగ్గర చిక్కొచ్చింది. భార్యగా పేరెక్కించాలంటే మొదటి పెళ్లి రద్దయినట్టు కోర్టు కాగితం కావాలంది మావయ్య ఆఫీసు. ఒరిస్సాలో తెగింది ఆంధ్రాలో చెల్లుతుందో లేదోనని వాళ్ల అనుమానం. నువ్వెవరి పెళ్లానివో తేల్చుకు రమ్మంటే ఒళ్లు మండదూ? అత్తకి మండింది, నాకింకా మండింది. దగ్గరుండి దావా వేయించాను.

సాక్ష్యానికి పూరీ పెద్దాయన రైలెక్కి వచ్చాడు. ఎలా తెంపారని జడ్జిగారడిగారు. నోటితో చెబితే సరిపోయేది. ఆయన జేబులోంచి, పూరీ నుంచే తెచ్చుకున్న గడ్డిపరక తీశాడు. మొదటి మొగుడు రాలేదు గనక ఆ చోట, అత్త ఎదురుగా, మావయ్యని నిలబెట్టాడు. చెరో కొస పట్టించి పుటుక్కున తెంపాడు.

ఆ సాయంత్రం మావయ్య స్కూటరు అత్త ఎక్కలేదు. తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చుంది.

కొన్నాళ్లకి తీర్పొచ్చింది. ఆచారం నిజమే, పూరీ విడాకులు చెల్లుతాయి. తీర్పు నేనే గొంతెత్తి చదివాను. మావయ్య సంబరంగా ఇక ఇంటికి పదమన్నాడు.

"పూరీలో తెగింది నిజవేనని కోర్టే సెప్పింది కదా. మరి కోర్టులో తెగింది అబద్దం ఎలాగవుద్ది బావా?" అంది అత్త.

అదుత్తి నాటకమని మావయ్య మొత్తుకున్నాడు. అదే పెద్దాయన, అదే పద్ధతి అందావిడ. ఇద్దరూ నావైపు చూశారు. నా చట్టజ్ఞానం అంతా అడుగంటిపోయింది. సిగ్గేసింది.

"అయితే ఏటి సెయ్యమంటావ్?" అన్నాడు మావయ్య.

"మళ్లీ మనువాడు. ఈపాలి రిజిస్ట్రాఫీసులో. నానెవరి పెళ్లాన్నో ఇంకెవడూ నన్నడక్కూడదు."

దరఖాస్తు నేనే కొట్టాను. సాక్షి సంతకానికి పూరీ పెద్దాయన్నే పిలిపించింది అత్త. లోపలికి పంపేముందు ఆయన జేబులన్నీ మావయ్య వెతికాడు.