చిన్న సవరణ

శైలజను ఎరిగినవాళ్లంతా ఆమె తెలివి గురించే చెబుతారు. తల్లి బీడీలు చుట్టి చదివించింది. నిజామాబాద్‌లో జిరాక్స్ షాపు మీది గదిలో కూర్చుని, ఏ రైతు చెరకు ఎప్పుడు కోయాలో వరుస కట్టే సాఫ్ట్‌వేర్ రాసింది. దాన్ని మిల్లులకు అమ్మిపెట్టినవాణ్ని నేను, రంజిత్‌ని. ఆమె తెలివి కన్నా ఆమె భయం నాకు ఎక్కువ తెలుసు.

మొదటి సీజన్‌లోనే తప్పు జరిగింది. కోసిన మోళ్ల నుంచి మళ్లీ లేచిన తోటకు నాటిన తేదీ ఉండదు. చాలామంది ఫారంలో ఏదో ఒక తేదీ రాసి పడేశారు. ఎడపల్లి చిన్నయ్య మాత్రం అబద్ధం రాయలేక ఖాళీగా వదిలాడు. తేదీ లేని పేరును మా ప్రోగ్రాం అట్టడుక్కి తోసేసింది.

చిన్నయ్య మూడుసార్లు మా మెట్లెక్కాడు. "సూడు బిడ్డా, గట్టు అవతల మా తమ్మునిది కోసిండ్రు. నాదెందుకు కోస్తలేరు?"

"కంప్యూటర్ తప్పు చెప్పది బాపూ," అంది శైలజ.

చెరకు పూత పట్టి, బెండయి ఎండింది. చిన్నయ్య తన చేత్తోనే తోటకు నిప్పు పెట్టుకున్నాడు. తమ్ముడు లింబయ్య ఎవరి చెయ్యో తడిపి తన వంతు కొట్టేశాడని నమ్మి, చచ్చేదాకా అతనితో మాట్లాడలేదు.

మరుసటి ఏడు శైలజ ఆ తప్పు కనిపెట్టి సరిచేసింది. ఏం మార్చామో రాసే చోట "చిన్న సవరణ" అని రాసి ఊరుకుంది. అప్పటినుంచి పరీక్షకు ఆ మొదటి సీజన్ రైతుల జాబితా నడిపినప్పుడల్లా చిన్నయ్య పేరు రావలసిన చోటే, తమ్ముడి పేరుకు పైన వచ్చేది. అది కనబడగానే ఆమె కుర్చీ వెనక్కి జరిపేది. పరీక్షకు వేరే జాబితా పెడదామని నేనంటే మాత్రం వద్దనేది.

ఈ ఏడు లింబయ్యే రైతు సంఘం తరఫున వచ్చాడు. వరుస ఎట్లా వస్తుందో అందరూ చూసేలా, వాడుకునేలా కోడంతా ఓపెన్ సోర్స్ చెయ్యమన్నాడు. మిల్లుల బేరం ఎలాగూ పడిపోయింది, ఇద్దామనుకున్నాం. ఎలా ఇవ్వాలన్న దగ్గరే చిక్కొచ్చింది.

"ఇప్పటి కోడ్ ఒక్కటి పెడుదం. పాత మార్పుల చిట్టా ఎవలడిగిండ్రు?" అన్నాను. పిరికి మాటే. మా పేరు పోతుందని భయపడ్డాను.

"చిన్నయ్య అడిగిండు గద. మూడుసార్లు అడిగిండు," అంది శైలజ.

చిట్టాతో సహా మొత్తం పెట్టేసింది. "చిన్న సవరణ" కింద జరిగిందంతా, తన పేరుతో రాసింది. తర్వాత లింబయ్యను పిలిచి చదివి వినిపించింది. అతను తిడతాడని, కొడతాడని నేను గోడకు అతుక్కుపోయాను.

లింబయ్య అరవలేదు. తెర మీద అన్న పేరును వేలితో తడిమాడు.

"నాది గూడ గా ఏడు మోళ్ల తోటనే బిడ్డా. ఉత్తుత్తి తేది రాసిన. అన్నను గూడ రాయమని చెప్పకపోతి."