తిరిగి పూడ్చని బిడ్డ

పురావస్తు శాఖలో నా సర్వీసంతా పాత సమాధుల తవ్వకాల్లోనే గడిచింది. ఇన్నేళ్ళ నివేదికల్లో తెలిసి రాసిన అబద్ధం ఒక్కటుంది. దాన్ని ఇప్పుడైనా దిద్దాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మంగళగిరి అవతల మినుము కోసిన చేలో తవ్వుతున్నాం. మగ్గం పని లేని నెలల్లో ఒకావిడ మాకు కూలికి వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఒకరోజు మూత బోర్లించిన కుండ బయటపడింది. ధాన్యం దాచుకున్నదేమో అనుకుని తాపీతో గబగబా మట్టి గీకుతున్నాను.

"మెల్లగండి సార్. అందులో పసిబిడ్డ ఉంటుంది," అందావిడ.

"సారుకి బతికున్నోళ్ళ మాటలు ఎక్కవులేవే," అని పక్కనున్నామె నవ్వింది.

మూత తీస్తే సన్నటి పక్కటెముకలు, దవడలో ఇంకా మొలవని పళ్ళు. చనిపోయిన తన తొలిచూలు బిడ్డనూ ఇలాగే కుండలో ఉంచి మట్టిలో పెట్టి పైన పాలు పోశామని ఆవిడ చెప్పింది. సాయంత్రం సామాను సర్దుతుంటే మళ్ళీ వచ్చింది.

"చూడటం అయిపోయాక అక్కడే పెట్టేస్తారాండీ?"

"రెండు నెలలమ్మా. నేనే తెచ్చి పెడతాను."

పరీక్షలు పూర్తయ్యాయి. ఆ ఎముకల మీద రాసిన వ్యాసంతోనే నాకు పేరొచ్చింది. మరో పరీక్షకు పనికొస్తాయని వాటిని ఉంచేశాను. ఏడాది తర్వాత బస్టాండులో ఆవిడ ఎదురై అదే అడిగింది. బెజవాడ బస్సు కదులుతోంది. "పెట్టేశానమ్మా," అని ఎక్కేశాను. తర్వాత నివేదికలోనూ 'తీసిన చోటే తిరిగి పూడ్చడమైనది' అని రాశాను. ఎముకల పెట్టె మాత్రం ఇప్పటికీ మా స్టోరులో కింది అరలోనే ఉంది.

మొన్న వేసవిలో ఆ చేను ప్లాట్లు చేస్తున్నారని తెలిసి వెళ్ళాను. అప్పటికే హద్దురాళ్ళు పాతేశారు. అక్కణ్ణించి ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడకి చూపు బాగా తగ్గింది. నా గొంతు పోల్చుకుని సంతోషంగా కూర్చోమంది.

"ఏటా ఆ చేలోకెళ్ళి కాసిని పాలు పోసొస్తున్నానండీ. మా పిల్లని పెట్టిన చోట రోడ్డు పడిపోయింది. అందుకని ఆ కుండలో బిడ్డ దగ్గరే ఇద్దరికీ కలిపి పోసేదాన్ని. ఈ ఏడే ప్లాట్లవాళ్ళు లోపలికి రానివ్వలేదు."

అప్పుడు చెప్పాను, అంతా.

"అయితే అక్కడ ఏమీ లేదాండీ?"

"లేదమ్మా."

కోడల్ని పిలిచి సారుకి మంచినీళ్ళిమ్మంది. తను గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తప్పు ఒప్పుకుంటూ, ఎముకలు పూడ్చడానికి అనుమతి కోరుతూ పైవాళ్ళకు రాశాను. జవాబు రాలేదు. వచ్చినా, ఎక్కడ పెట్టాలో ఆవిడనే అడగాలి. ఆ గుమ్మం ఎక్కే ధైర్యం నాకింకా రాలేదు.